గాజువాక పెరటి ఆకుకూరలు తినవచ్చా? నేలలో లోహాల సంగతి తెలిసినవారు చెప్పండి

పెరటిచిక్కుడు
గాజువాక దగ్గర సొంత ఇల్లు, వెనక చిన్న పెరడు. తోటకూర, పాలకూర, బచ్చలి, వంగ, బెండ, పందిరి మీద చిక్కుడు ఉన్నాయి. పెంచేది మా అత్తగారు, నీళ్ళు పోసేది నేను. ఈమధ్య మా వీధి వాట్సాప్ గుంపులో ఒక సందేశం తిరిగింది. ఫ్యాక్టరీల చుట్టుపక్కల పండే ఆకుకూరల్లో కాడ్మియం అనే లోహం పరిమితిని మించి ఉందట, తింటే కిడ్నీలు పోతాయట. ఎవరు పరీక్షించారో, ఏ ఊరి కూరో అందులో లేదు. అప్పటి నుంచి మావారు ఇంటి తోటకూర ముట్టడం లేదు. రైతుబజారు నుంచి తెస్తున్నారు. అది ఏ నేలలో పండిందో మాత్రం ఎవరినీ అడగరు. అత్తగారు అలిగి కూర్చున్నారు.

సూటిగా అడుగుతాను. నేలలో ఉన్న లోహం ఆకులోకి వస్తుందా? వస్తే అందులో మన ఒంట్లో ఎంత నిలుస్తుంది? మొక్కలన్నీ పీకేయాలా?

డాల్ఫిన్‌నోసు
రైతుబజారు తోటకూరకు నేలతో పనేముంది? అది బండి మీదే మొలుస్తుంది.

సంపెంగపువ్వు
పీకేయండి. పిల్లలున్న ఇంట్లో ప్రయోగాలు ఎందుకు?

మట్టిచేతులు
సంపెంగ గారూ, కాస్త ఆగండి. నేల పరీక్షల పనిలోనే ఉద్యోగమంతా గడిచింది నాకు. పీకేయడం ఎప్పుడైనా చేయవచ్చు, ముందు ఏమి జరుగుతుందో చూద్దాం.

నేలలో మొత్తం ఎంత లోహం ఉంది అన్నది ఒక లెక్క, అందులో వేరుకు చిక్కేది ఎంత అన్నది పూర్తిగా వేరే లెక్క. ఎక్కువ భాగం బంకమట్టికీ, ఇనుప ఆక్సైడ్లకూ, పెంట ఎరువు లాంటి సేంద్రియ పదార్థానికీ అంటుకుని కదలకుండా ఉంటుంది. నేల తడిలో కరిగి ఉన్న కొద్దిపాటి లోహమే వేరు దగ్గరకు చేరుతుంది. ఆ కొద్దిపాటిని పెంచేదీ తగ్గించేదీ ముఖ్యంగా పీహెచ్, అంటే నేల ఎంత పులుపో ఎంత క్షారమో చెప్పే అంకె. నేల పులిస్తే కాడ్మియం, జింకు రెండూ కదులుతాయి. పీహెచ్ 7 దగ్గరకు వస్తే చాలావరకు అణిగిపోతాయి. సముద్రానికి దగ్గరగా ఉండి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మరొక చిక్కు ఉంది. ఉప్పులోని క్లోరైడు కాడ్మియంతో జతకట్టి దాన్ని కరిగేలా చేస్తుంది.

లోహాలన్నిటినీ ఒకే గాటన కట్టడం ఆ సందేశంలో పెద్ద లోపం. సీసం వేరు దాటి పైకి రావడానికి మొరాయిస్తుంది. ఆకు మీద సీసం కనిపించిందంటే చాలావరకు అది పైన పడిన ధూళి. శుభ్రంగా రెండు మూడు నీళ్ళలో కడిగితే ఎక్కువ భాగం పోతుంది. కాడ్మియం అలా కాదు, ఆకు కణాల లోపలికి చేరుతుంది. కడిగినా వండినా పోదు.

పంటల మధ్య తేడా కూడా చిన్నది కాదు. ఆకుకూరలు ఎక్కువ పీలుస్తాయి, దుంపలు ఆ తర్వాత, కాయలు బాగా తక్కువ. బెండ, చిక్కుడు, ఆనప దాదాపు నిశ్చింత. వంగ మాత్రం కాయల్లో కొంచెం పెడదారి. జపానులో వంగను ఒక అడవి వంగ జాతి వేరు మీద అంటుకట్టి కాయలో కాడ్మియం తగ్గించారు. అంటే పైకి పంపాలా వద్దా అనే నిర్ణయం వేరు దగ్గరే జరుగుతోంది.

పెరటిచిక్కుడు
చిక్కుడు ఉంచవచ్చన్నమాట. పేరు మార్చుకునే అవసరం తప్పింది.

అడ్డచుట్ట
మా అమ్మ మల్కాపురంలో పండిన తోటకూరే తిని తొంభై దాటింది. మా నాన్నా అంతే. ఇప్పటి వాళ్ళకు ఫోను చూస్తేనే రోగం వస్తుంది.

కిడ్నీవార్డు
తాతగారూ, మీ పేరు చూసి అడుగుతున్నాను, నిజంగానే చుట్ట కాలుస్తారా? ఎందుకంటే పొగాకు మొక్క కాడ్మియాన్ని ఆకులో దాచుకోవడంలో దిట్ట. తిండి ద్వారా వచ్చే కాడ్మియంలో పేగు లోపలికి తీసుకునేది నూటికి కొద్ది పాళ్ళే. పొగ ద్వారా వస్తే ఊపిరితిత్తులు అంతకు ఎన్నో రెట్లు పీలుస్తాయి. పొగతాగేవారి ఒంట్లో కాడ్మియం తాగనివారి కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. తోటకూర గురించి తగవు పెట్టుకునే ముందు ఇంట్లో సిగరెట్టు ఎవరు కాలుస్తున్నారో చూడాలి.

అడ్డచుట్ట
అడ్డచుట్టలో నిప్పు నోట్లో ఉంటుంది, పొగ బయటకు పోతుంది. మీ లెక్క నాకు వర్తించదు.

కిడ్నీవార్డు
ఆ నిప్పుకు అంగిలి కాలి క్యాన్సరు వస్తుందని మన శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల మీద చేసిన పరిశోధనలే దశాబ్దాల కిందట చెప్పాయి. మీకు వర్తించే లెక్క అది.

డాల్ఫిన్‌నోసు
తాతగారు కాసేపు మౌనవ్రతం.

లెక్కలమాస్టారు
పెరటిచిక్కుడు గారూ, ఆ సందేశంలో అంకె ఏదైనా ఉంటే అది పచ్చి ఆకు బరువుకా, ఎండబెట్టిన ఆకు బరువుకా అని చూడండి. తోటకూరలో దాదాపు 85 నుంచి 90 శాతం నీరే. కిలో ఎండు ఆకులో 1 మిల్లీగ్రాము కాడ్మియం ఉందంటే, కిలో పచ్చి ఆకులో ఉన్నది 0.1 నుంచి 0.15 మాత్రమే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఆకుకూరలకు పెట్టిన పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు, అదీ పచ్చి బరువుకు. ఎండు బరువు అంకెను పచ్చి బరువు పరిమితి పక్కన పెట్టి 'ఐదు రెట్లు' అని ప్రచారం చేయడం ఇంతకుముందూ చూశాను.

ఇక తినేవారి లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో పెట్టిన హద్దు: ఒంటి బరువు కిలోకు నెలకు 25 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము). అరవై కిలోల మనిషికి రోజుకు దాదాపు 50. సరిగ్గా పరిమితి అంచున ఉన్న తోటకూర వంద గ్రాములు తింటే వచ్చేది 20. కంగారు పడేంత లేదు.

సంపెంగపువ్వు
మాస్టారూ, యూరప్ వాళ్ళ హద్దు కూడా చెప్పండి మరి. వాళ్ళ ఆహార భద్రతా సంస్థ 2009లో వారానికి కిలోకు 2.5 మైక్రోగ్రాములు అంది. మీ అరవై కిలోల మనిషికి రోజుకు 21. అంటే మీరు చెప్పిన ఆ వంద గ్రాములతోనే కోటా అయిపోయింది. అన్నంలో వచ్చేది, గోధుమల్లో వచ్చేది ఎక్కడ వేయాలి?

లెక్కలమాస్టారు
లెక్క సరిగ్గానే చేశారు. కానీ రోజూ వంద గ్రాములు తోటకూరే తినేవారు ఎవరు? ఈ హద్దులు ఒక్కరోజు భోజనానికి పెట్టినవి కావు, ఏళ్ళ తరబడి తినే సగటుకు పెట్టినవి.

పెరటిచిక్కుడు
మా అత్తగారు తింటారండీ. పప్పులో, వేపుడులో, పులుసులో, రోజూ ఏదో ఒక ఆకు.

కిడ్నీవార్డు
అయితే అత్తగారి సంగతే మాట్లాడదాం. ఆవిడకు రక్తం తక్కువా?

పెరటిచిక్కుడు
హిమోగ్లోబిన్ ఎప్పుడూ తక్కువే. మాత్రలు ఇస్తారు, మలబద్ధకమని మానేస్తారు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

కిడ్నీవార్డు
చాలా ఉంది. ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ తాకని సంగతి ఇదే.

కాడ్మియంతో మన ఒంటికి ఏ ఉపయోగమూ లేదు, దాని కోసమని పేగులో ప్రత్యేకమైన దారీ లేదు. అది వచ్చేది ఇనుము వచ్చే దారిలో. ఒంట్లో ఇనుము తగ్గితే పేగు గోడ ఆ దారులను పెంచుకుంటుంది, ఉన్న కాస్త ఇనుమూ జారిపోకూడదని. ఆ తెరిచిన తలుపులోంచి పిలవని పేరంటానికి వచ్చినట్టు కాడ్మియం కూడా వచ్చేస్తుంది. ఒకే కూర ఒకే పళ్ళెంలో తిన్నా, రక్తహీనత ఉన్న కోడలు మామగారి కంటే ఎక్కువ కాడ్మియం పీల్చుకోగలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. అందుకని నేల గురించి ఎంత దిగులు పడతామో ఇనుము మాత్ర గురించీ అంత దిగులు పడాలి.

సీసం కూడా ఇలాంటిదే, కాకపోతే కాల్షియం వేషం వేస్తుంది. పెద్దవారు మింగిన సీసంలో పదో వంతు లోపలికి పోతే చిన్నపిల్లల్లో సగం దాకా పోవచ్చు. రక్తంలో నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది, అది చూసి ఊపిరి పీల్చుకుంటాం. కానీ చాలా భాగం ఎముకలో దాక్కుని ఏళ్ళ తరబడి ఉంటుంది. గర్భం వచ్చినప్పుడు, ముసలితనంలో ఎముక కరిగినప్పుడు మళ్ళీ రక్తంలోకి దిగుతుంది. కాడ్మియం చివరకు చేరే చోటు మూత్రపిండం. అక్కడ సగం తగ్గడానికి పది నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది.

సంపెంగపువ్వు
నేను ముందే చెప్పాను కదా, పీకేయమని.

మట్టిచేతులు
చెప్పారు, కానీ కిడ్నీవార్డు గారు చెప్పింది అది కాదు. ఆకుకూరలు మానేస్తే ఆవిడకు ఇనుము, ఫోలేటు ఇంకా తగ్గుతాయి. తలుపు ఇంకాస్త తెరుచుకుంటుంది.

విచిత్రం ఏమిటంటే మొక్క చేసేదీ ఇదే. ఇనుము చాలని మొక్క వేరు దగ్గర ఆమ్లం వదిలి ఇనుమును కరిగించుకుని, దాన్ని లాగే వాహక ప్రోటీన్లను పెంచుతుంది. అవి ఇనుముతో ఆగవు, జింకు, మాంగనీసు, కాడ్మియం కూడా ఎత్తుకొస్తాయి. వరిలో అయితే కాడ్మియం ముఖ్యంగా మాంగనీసు దారిలో వస్తుంది. జింకు లోపమున్న నేలలో పండిన పంటలో కాడ్మియం ఎక్కువగా ఉండడం మామూలే. అలాంటి నేలకు జింకు సల్ఫేటు వేస్తే చాలాసార్లు రెండు పనులూ అవుతాయి.

జపాను కథ ఇక్కడే చెప్పాలి. టొయామా ప్రాంతంలో జింజూ నదికి ఎగువన జింకు గని ఉండేది. జింకు ఖనిజంలో కాడ్మియం ఎప్పుడూ తోడుంటుంది. ఆ నీరు వరి మళ్ళకు పారింది. ఎముకలు పెళుసై, దగ్గినా విరిగి, 'ఇటాయ్ ఇటాయ్' (నొప్పి, నొప్పి) అని మూలిగిన వారిలో అత్యధికులు పెక్కుమంది పిల్లల్ని కన్న నడివయసు దాటిన స్త్రీలు. ఒకే అన్నం తిన్న మగవారిలో చాలా తక్కువ. 1968లో ఆ ప్రభుత్వం కాడ్మియమే మూలమని ఒప్పుకుంది.

జెట్టీదగ్గర
కూరల గొడవ సరే, చేపల సంగతి చెప్పండి. రోజూ రేవులో కొంటాం. పాదరసం ఉందని మా అల్లుడు కానాగంతలు కూడా మానేశాడు.

కిడ్నీవార్డు
మీ అల్లుడు మానవలసింది కానాగంతలు కాదు. నీటిలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. దాన్ని నాచు, నాచును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటూ పోయేకొద్దీ పోగవుతుంది. సొర లాంటి వేటాడే పెద్ద చేపల్లో ఎక్కువ. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతల్లో తక్కువ. గర్భిణులు సొర లాంటి పెద్ద చేపలు తినకపోతే చాలు, చేపలన్నీ మానితే నష్టమే ఎక్కువ. మిథైల్ రూపం పేగులో దాదాపు పూర్తిగా లోపలికి పోతుంది. అదే థర్మామీటరులోని పాదరసం పొరపాటున మింగితే చాలావరకు బయటకు పోతుంది, దాని ఆవిరి పీలిస్తేనే ప్రమాదం. ఏ లోహం అన్నదే కాదు, ఏ రూపంలో అన్నది కూడా అడగాలి.

జెట్టీదగ్గర
బాలింతకు సొర పుట్టు పెట్టకపోతే మా వాళ్ళు ఊరుకోరు. చిన్న సొరలు వండుతారు మరి.

కిడ్నీవార్డు
చిన్న సొర పెద్ద సొర కంటే నయం, వయసుతో పాటే పోగవుతుంది కనుక. ఎప్పుడో ఒకసారి పెడితే గొడవ లేదు, రోజూ వద్దు.

రుషికొండ_రవ్వ
ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా ఈ లోహాల వల్లే కదా?

కిడ్నీవార్డు
అలా తేలలేదు. నీళ్ళు, సిలికా, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, లోహాలు, అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. 'కదా' అని ముగించే స్థితి లేదు.

కుండీలరాణి
నాది వేరే బాధ. సీతమ్మధారలో మేడ మీద కుండీలు. ఎర్రమట్టి తెప్పించి నింపాను, ఎర్రదనం ఇనుముదే అంటారు కదా. అయినా మందారం కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన. నర్సరీ వాళ్ళు ఇనుము లోపం అంటారు. ఇనుములో నాటిన మొక్కకు ఇనుము లోపమా?

మట్టిచేతులు
అవును, అదే. భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లోనూ మీ కుండీలోనూ ఉన్నది ఆక్సైడు రూపంలోని ఇనుము. నీళ్ళలో కరగదు. పీహెచ్ ఒక అంకె పెరిగితే కరిగే ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. మేడ మీద సిమెంటు పెచ్చులు, సున్నం ముక్కలు మట్టిలో కలిశాయా చూడండి. నగరంలో ఇల్లు కట్టిన చోట తీసిన మట్టిలో అవి లేకుండా ఉండవు.

కుండీలరాణి
పక్క గది గోడ పగలగొట్టిన పెళ్ళలు కుండీల అడుగున వేశాను. నీరు దిగుతుందని.

డాల్ఫిన్‌నోసు
మందారం గోడ తింటోంది.

గంజివార్చే_బామ్మ
నా మనవరాలు చదివి వినిపిస్తుంటే వింటున్నాను. బియ్యంలో కూడా విషం ఉందని టీవీలో చెప్పారు. మేము గంజి వార్చేవాళ్ళం. కుక్కర్లు వచ్చి అది పోయింది.

మట్టిచేతులు
బామ్మగారూ, మీ మాటలో పస ఉంది. బియ్యంలో ఆర్సెనిక్ గురించి చెప్పి ఉంటారు. ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి వారిస్తే అందులో మంచి భాగం గంజితో పోతుంది, ఆ నీళ్ళలో ఆర్సెనిక్ లేకపోతేనే. బెంగాల్ పల్లెల్లో చిక్కు అక్కడే, వండే నీళ్ళలోనే ఆర్సెనిక్. వరికి అది ఎందుకు ఎక్కువంటే, నీళ్ళు నిలిచిన మడిలో గాలి ఆడక ఆర్సెనిక్ కరుగుతుంది, వరి దాన్ని సిలికా దారిలో లాగేస్తుంది. మడి ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది కానీ కాడ్మియం లేస్తుంది. నిలవ నీటిలో కాడ్మియం గంధకంతో కలిసి అణిగి ఉంటుంది మరి. ఒకదాన్ని తొక్కితే రెండోది లేచే చోట రైతుకు సలహా చెప్పడం అంత సులువు కాదు.

సంపెంగపువ్వు
గంజి పారబోస్తే బి విటమిన్లు కూడా పోతాయి.

గంజివార్చే_బామ్మ
పారబోయమని ఎవరు చెప్పారమ్మా? ఉప్పు వేసుకుని తాగేవాళ్ళం.

డాల్ఫిన్‌నోసు
బామ్మగారూ, తీసేసిన ఆర్సెనిక్ మొత్తం మళ్ళీ గ్లాసులో పోసుకున్నారు!

అనకాపల్లి_బెల్లం
అందరూ నేల చుట్టే తిరుగుతున్నారు. సీసం విషయంలో నేలకంటే ముందు వంటిల్లు చూడండి. నిగనిగలాడే విడి పసుపులో సీసపు క్రోమేటు అనే పసుపు రంగు కలిపే మోసం ఉంది, కొమ్ములు కొని ఆడించుకోవడం మేలు. ఇత్తడి గిన్నెలకు పూసే కళాయి శుద్ధమైన తగరమా, సీసం కలిపినదా కనుక్కోవాలి. పాత ఇంటి తలుపుల రంగు గీకేటప్పుడు పిల్లల్ని దూరంగా పంపాలి. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) హద్దు అమలైంది 2017లో, అంతకు ముందు వేసిన పొరలు గోడల మీదే ఉన్నాయి. సీసం కలిసిన పెట్రోలు 2000లో ఆగింది, రోడ్డు పక్క మట్టిలో పడిన సీసం మాత్రం ఎక్కడికీ పోలేదు.

రుషికొండ_రవ్వ
అరికాళ్ళకు పట్టీలు వేసుకుంటే రాత్రికి లోహాలన్నీ లాగేస్తాయని మా అపార్ట్‌మెంటులో అమ్ముతున్నారు. పొద్దున్నకు నల్లగా అవుతాయి, నేను కళ్ళారా చూశాను.

కిడ్నీవార్డు
తడి తగిలితే నల్లబడే పొడి అది. కుళాయి నీళ్ళు చల్లి చూడండి, కుళాయికి కూడా చికిత్స జరుగుతుంది. నిజంగా లోహాన్ని లాగే మందులు ఉన్నాయి, రక్తంలో సీసం బాగా ఎక్కువైనప్పుడు ఆసుపత్రిలోనే ఇస్తారు. వాటిలో ఒకదానికి బదులు పేరు దగ్గరగా ఉండే మరొక మందు ఎక్కించడం వల్ల అమెరికాలో ఒంట్లో కాల్షియం పడిపోయి పిల్లలు చనిపోయారు. ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. జుట్టు పరీక్షలకూ డబ్బు తగలేయకండి, వెంట్రుక మీద పడిన ధూళి కూడా ఫలితంలో కలుస్తుంది.

పెరటిచిక్కుడు
ఇంతకీ నేను ఏమి చేయాలి? సున్నం చల్లితే కాడ్మియం అణుగుతుందని మట్టిచేతులు గారి మాటను బట్టి అర్థమైంది. చల్లమంటారా?

అనకాపల్లి_బెల్లం
చల్లండి. పెంట ఎరువు కూడా దండిగా వేయండి.

మట్టిచేతులు
బెల్లం గారూ, పీహెచ్ చూడకుండా సున్నం చల్లమనడం నాకు నచ్చదు. నేల ముందే క్షారంగా ఉంటే జింకు, ఇనుము కూడా బిగుసుకుపోతాయి, కుండీలరాణి గారి మందారం గతే పడుతుంది. నేలలో ఆర్సెనిక్ ఉంటే సున్నానికి అది ఇంకా కదలవచ్చు. పెంట ఎరువు సరే, ఎక్కడిదో తెలిస్తే. మురుగునీటి బురద కలిపినదైతే లోహాన్ని కొని తెచ్చుకున్నట్టే.

అనకాపల్లి_బెల్లం
నలభై ఏళ్ళుగా చెరకుకు వేస్తున్నాం, ఏమీ కాలేదు.

మట్టిచేతులు
మీ నేల మీకు తెలుసు కనుక సరిపోయింది. ఆవిడ నేల ఎలా ఉందో మనలో ఎవరికీ తెలియదు.

పెరటిచిక్కుడు గారూ, ముందు పరీక్ష. 2015లో వచ్చిన భూసార కార్డులో పీహెచ్, సేంద్రియ కర్బనం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు లాంటివే ఉంటాయి. కాడ్మియం, సీసం అందులో ఉండవు, అవి విడిగా అడగాలి. నేలతో పాటు కడిగిన తోటకూర ఆకు కూడా ఇవ్వండి. తినేది ఆకునే కదా, అసలు జవాబు అందులోనే ఉంటుంది. ఫలితం వచ్చేదాకా ఆకుకూరలను బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టితో తొట్లలోకి మార్చండి, నేల మీద బెండ, చిక్కుడు, ఆనప ఉంచండి. అత్తగారి ఇనుము మాత్ర మళ్ళీ మొదలుపెట్టించండి, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆపండి, అది ఇనుమును సరిగ్గా ఒంటపట్టనివ్వదు.

పెరటిచిక్కుడు
టీ ఆపడం కంటే పెరడు తవ్విపోయడం సులువు. చూస్తాను. మట్టి ఎలా తీయాలి?

మట్టిచేతులు
పెరట్లో ఏడెనిమిది చోట్ల పైన చెత్త తీసేసి, జానెడు లోతున ఆంగ్ల వి ఆకారంలో గుంట తీసి, పక్క గోడ నుంచి పలచగా ఒక పెచ్చు గీకండి. గోడ వారన, చెత్త కాల్చిన చోట వద్దు. అన్నీ కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో ఇస్తే చాలు. జింకు పూత పూసిన బక్కెట్టులో కలపకండి, జింకు లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్ తొట్టి వాడండి.

కుండీలరాణి
నా కుండీల మట్టి కూడా ఇవ్వవచ్చా? లేక పెళ్ళలు తీసేసి చూడనా?

మట్టిచేతులు
ముందు పెళ్ళలు తీయండి. పరీక్ష ఖర్చు మిగులుతుంది.

లెక్కలమాస్టారు
చిక్కుడు గారూ, ఫలితం ఇక్కడ పెట్టేటప్పుడు కాగితం మొత్తం ఫొటో తీసి పెట్టండి. మిల్లీగ్రాములా మైక్రోగ్రాములా, ఎండు బరువా పచ్చి బరువా, నేలలో మొత్తమా మొక్కకు అందేదా, ఈ మూడూ కనిపించాలి. ఒట్టి అంకె పెడితే సంపెంగ గారూ నేనూ మళ్ళీ మొదలుపెడతాం.

సంపెంగపువ్వు
నేను అంకె లేకుండానే మొదలుపెట్టగలను.